కావేరి దాటిన తెలుగిళ్లు – 11: మాట రాని దొర

పాంచాలంకురిచి మట్టికోటలో పొడుగ్గా, సన్నగా, చూడ్డానికి రోగిష్ఠిలా ఉన్న ఒక కుర్రాడు వంగి నాలుగు గడ్డిపరకలు ఏరుకుంటాడు. వాటిని చిన్న చిన్న ముక్కలుగా తుంచి అరచేతిలో వరసగా పేరుస్తాడు. చుట్టూ ఉన్న వందలమంది మాటా పలుకూ లేకుండా ఆ అరచేతి వంకే చూస్తుంటారు. ఆ పరకలు తెల్లవాళ్ల దండు. దాని మీద ఎప్పుడు పడాలో, ఏ వేళకు పడాలో సైగలతో చెబుతాడు. ఆ తరవాత రెండో చేత్తో పరకలన్నిటినీ ఒక్క ఊపున ఊడ్చేస్తూ, నోటితో రివ్వుమని చప్పుడు చేస్తాడు. దాడికి ఆజ్ఞ అదే. ఆజ్ఞ ఇచ్చినవాడే అందరికన్నా ముందు కోట దాటి ఉరుకుతాడు.

ఇది జానపదుల కథ కాదు. 1801లో ఆ కోట మీదికి వచ్చిన కంపెనీ సైన్యంలో జేమ్స్ వెల్ష్ అనే అధికారి ఉన్నాడు. దాదాపు ముప్ఫయ్యేళ్ల తరవాత, 1830లో అచ్చయిన తన సైనిక జ్ఞాపకాల్లో ఈ గడ్డిపరకల ముచ్చట రాశాడు. తన తోటివాళ్లను చంపినవాడి గురించి రాస్తున్నా ఆ పుటల్లో కసి కనపడదు. తన జీవితంలో చూసిన అతి విచిత్రమైన మనుషుల్లో ఇతనొకడని ఒప్పుకుంటాడు. జనం ఇతన్ని దేవుడిలా కొలిచేవారని, ఇతను వేలు కదిపితే అది వేదవాక్కయ్యేదని, ఇతను లేకుండా ఒక్క ఆలోచనా సాగేది కాదని రాస్తాడు. పుట్టు చెవుడు, మూగ. ఇంగ్లీషువాళ్లు ‘డంబీ’ అన్నారట, ముస్లింలు ‘మూకా’ అన్నారట, తక్కినవాళ్లు ‘ఊమై’ అన్నారట. తమిళ దేశం ఈనాటికీ ఊమైదురై అనే పిలుస్తుంది. అంటే మూగదొర. ఇంట్లో పెట్టిన పేరు కుమారస్వామి అని చెబుతారు. వీరపాండ్య కట్టబొమ్మన్ తమ్ముడు.

ఆ ఇంట్లో మాట్లాడే భాష తెలుగు.

మధురై, కోయంబత్తూరు సీమల్లోని పాత తెలుగు కుటుంబాల కథ పది వారాలుగా చెప్పుకుంటున్నాం. మిల్లులు కట్టినవాళ్లను, నల్లరేగడిలో పత్తి పండించినవాళ్లను, మగ్గం నేసినవాళ్లను చూశాం. ఈ వారం చేతిలో కర్ర పట్టినవాళ్ల వంతు. ఒక పోరాటగాడు ఎలా తయారవుతాడు, ఎలాంటి ఇంట్లో పుడతాడు, మొదటి దెబ్బ ఎక్కడ కొడతాడు అని అడిగితే, ఈ సీమలో ఊమైదురైని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. అన్న పేరు మోగినంతగా తమ్ముడి పేరు మోగలేదన్న బాధ కూడా నాకుంది. 1959లో బి.ఆర్. పంతులు తీసిన ‘వీరపాండియ కట్టబొమ్మన్’లో శివాజీ గణేశన్ గర్జించిన మాటలు ఊరూరా పిల్లలు వల్లించారు. మాటే లేనివాడికి సినిమాలో చోటు చిన్నదే దొరుకుతుంది మరి.

ముందు ఇంటి సంగతి.

వీళ్లు రాజకంబళం నాయకర్లు. ‘కంబళం’ అన్న మాటకు మూలం కంబళి. కులపెద్దలు తగవు తీర్చడానికి కూర్చుంటే నేల మీద కంబళి పరిచి, దాని మీద వేపాకు వేసిన నీళ్ల కలశం పెట్టేవారు. కలశం ముందు అబద్ధమాడకూడదు. గొర్రెలు, ఆవులు కాసుకునే జనానికి ఇంట్లో ఉన్న అతి విలువైన వస్తువు ఆ కంబళే అయ్యుంటుంది. అదే న్యాయపీఠమైంది, కులానికి పేరైంది.

ఉత్తరాది నుంచి ఎందుకు వచ్చారంటే వాళ్లు చెప్పే కథ ఒకటుంది. ఒక తురక పాలకుడు తమ పిల్లను ఇమ్మని వెంటపడ్డాడు. రాత్రికి రాత్రి మందలతో సహా బయల్దేరారు. ఎదురుగా ఏరు పొంగుతోంది, వెనక గుర్రాల డెక్కల చప్పుడు. అప్పుడు రెండు ఒడ్డుల మీదున్న కానుగ చెట్లు వంగి, కొమ్మలు కలిపి వంతెన అయ్యాయి. జనం దాటాక చెట్లు మళ్లీ లేచి నిలబడ్డాయి. అందుకే ఈనాటికీ కానుగ వాళ్లకు పూజనీయం. ఇలాంటి కథలో తేదీ వెతకడం తప్పు. ఇల్లు వదిలి వచ్చిన జనం, ఆ రాత్రి తమకు అడ్డం రాని ప్రకృతిని ఇన్ని తరాలు గుర్తు పెట్టుకున్నారన్నది చాలు.

చరిత్ర ఇచ్చే తేదీలు వేరే ఉన్నాయి. విజయనగర రాకుమారుడు కుమార కంపన 1370 ప్రాంతంలో మధురై సుల్తానులను ఓడించాడు. 1529లో విశ్వనాథ నాయకుడు మధురై పాలన చేపట్టాడు. ఆయనా, ఆయన దళవాయి అరియనాథ మొదలియారూ కలిసి దేశాన్ని 72 పాలయాలుగా పంచారు. మధురై కోటకు 72 బురుజులు, ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాలెగాడిది. వచ్చిన రాబడిలో ఒక వంతు నాయకరాజుకు, ఒక వంతు సైన్యం పోషణకు, ఒక వంతు పాలెగాడి ఇంటికి. ఈ పాలయాలు పొందినవాళ్లలో మరవ దొరలున్నారు, తెలుగు దొరలున్నారు. తెలుగువాళ్లలో కంబళంవాళ్లది పెద్ద చెయ్యి. తిరునల్వేలి తూర్పున పాంచాలంకురిచి, ఎట్టయపురం. దిండిగల్లు వైపు విరూపాక్షి. కోయంబత్తూరు సీమలో ఉడుమలైపేట చుట్టూ తళి, మేట్రాత్తి.

పాంచాలంకురిచివాళ్ల మూలపురుషుడు బళ్లారి వైపు నుంచి వచ్చాడని ఇంటి కథ. పేరు గెట్టిబొమ్ము. ఒట్టపిడారం దగ్గర జగవీర పాండ్యుడనే చిన్న రాజు కొలువులో చేరి, ఆయన తరవాత ఆ సీమకు దొరయ్యాడట. మన చెవికి గెట్టిబొమ్ములో ‘గట్టి’ వెంటనే వినపడుతుంది. తమిళ నోట్లో పడి అదే కట్టబొమ్మన్ అయింది. ఒక తెలుగు విశేషణం తమిళుల వీరగాథకు పేరుగా నిలబడిందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

పొరుగు పాలెం ఎట్టయపురం కథ ఇంకా చిత్రం. వాళ్లు చంద్రగిరి నుంచి వచ్చామంటారు. వాళ్ల పూర్వీకుడొకడు విజయనగర రాజును చూడ్డానికి వెళ్తే, కోట వాకిట్లో సోముడనే జెట్టి గొలుసు కట్టి ఉంచాడట. వచ్చినవాడు ఆ గొలుసు కింద తల వంచి దూరాలి, లేదా తనతో పోరాడాలి. ఈయన తల వంచలేదు. సోముడు పోరులో చచ్చాడు. అప్పుడు సోముడి తమ్ముళ్లు ఎనిమిదిమంది వచ్చి, మాకిక దిక్కెవరని ఏడ్చారు. మీకు నేనే తండ్రినని ఆ ఎనిమిదిమందినీ తెచ్చుకున్నాడు. ఎట్టు అప్పన్, ఎనిమిదిమందికి తండ్రి, ఎట్టప్పన్. గెలిచిన జెట్టికి ఓడినవాడి కుటుంబం బాధ్యత అవుతుందన్న ఈ నీతిని ఒక పాలెగాడి వంశం తన పేరులోనే దాచుకుంది. ఆ ఎట్టప్ప వంశమే 1799లో కంపెనీ పక్షం చేరింది. తమిళంలో ఇప్పుడు ఎట్టప్పన్ అంటే ద్రోహి. రెండు తెలుగిళ్లు, ఒకే కంబళి మీద కూర్చోవలసినవాళ్లు, ఎదురుబొదురుగా నిలబడ్డారు. సరిహద్దు పొలాల తగాదా ముందు నుంచీ ఉంది. కంపెనీ దాన్ని వాడుకుంది.

ఇక విద్య సంగతి.

ఇవాళ ఇనప జాలీ లోపల ఇద్దరు దిగి కుస్తీ పట్టు, గుద్దు, కాలిదెబ్బ అన్నీ కలిపి పోరాడితే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటున్నాం. ఒక్క విద్యనే నమ్ముకున్నవాడు అక్కడ నిలవలేడని కుర్రాళ్లు చెబుతారు. పాలెం కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడి బతుకే వాడికి రకరకాల సాము నేర్పేది. పగలు మందల వెనక తిరిగేటప్పుడు చేతిలో కర్ర. ఆ కర్రే రాత్రికి కావలి కర్ర. ఊళ్లకు దొంగల భయం లేకుండా చూసే బాధ్యత పాలెగాళ్లది. దానికి ఊళ్లు ఇచ్చే రుసుమును దేశకావలి అనేవారు. దొంగతనం జరిగితే సొత్తు పట్టి ఇవ్వాలి, లేదా నష్టం కట్టాలి. అందుకని కావలి కాసేవాడికి చీకట్లో అడుగుజాడ పట్టడం, పరిగెత్తడం, కర్రతో ఒకడినీ నలుగురినీ కాయడం రావాలి. మనం కర్రసాము అనేదాన్నే అక్కడ సిలంబం అంటారు. వేటకు బల్లెం, వలరి. యుద్ధానికి కత్తి, పొడుగాటి ఈటె, తరవాత్తరవాత తుపాకి.

వలరి గురించి ఒక్క మాట. వంకర తిరిగిన చెక్కతోనో ఇనుముతోనో చేసిన విసురు ఆయుధం అది. 1795లో వెల్ష్ ఇంకా కుర్ర అధికారిగా ఉన్నప్పుడు శివగంగ చిన్న మరుదు అతనికి స్వయంగా బల్లెం విసరడం, వలరి విసరడం నేర్పాడు. చెయ్యి తిరిగినవాడు వంద గజాల లోపల ఎక్కడికైనా గురి తప్పకుండా కొట్టగలడని వెల్ష్ రాసుకున్నాడు. ఆరేళ్ల తరవాత అదే వెల్ష్, తనకు విద్య నేర్పిన చిన్న మరుదు మీదే సైన్యంతో వెళ్లాడు. మరుదు సోదరులను 1801 అక్టోబరు 24న తిరుప్పత్తూరులో ఉరితీశారు. గురువును అలా చూడాల్సి వచ్చిన దుఃఖం ఆ పుస్తకంలో దాచినా దాగదు.

ఈ సాము అంతా ఆటలోనూ ఉంది. కంబళంవాళ్ల పెళ్లిళ్లలో దేవరాట్టం ఆడతారు. దేవదుందుభి మోత మీద మగవాళ్లు వరస కట్టి, చేతిగుడ్డలు ఆడిస్తూ, అడుగు ముందుకు, వెనక్కి, ఒక్కసారి తిరిగి పక్కకు. పాట ఉండదు. దుందుభి లయ మారితే అందరి అడుగూ ఒకేసారి మారాలి. ఉడుమలైపేట దగ్గర సోమవారపట్టి ఆల్కొండమాల్ గుడికి సంక్రాంతినాడు పశువులున్నవాళ్లంతా పాలు తెచ్చి పోస్తారు. దేవుడికి వదిలిన ఎద్దును దుందుభి చప్పుడు మీద కర్రతో అదిలిస్తూ, అది ముందుకు ఉరికితే తప్పుకుంటూ ఆడించే ఆట ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉంది. కొమ్ము ఎటు తిరుగుతుందో ఎద్దు మెడ చూసి పోల్చుకోవాలి. చెవికన్నా కంటికి పని ఎక్కువ.

ఇక్కడే నాకు మూగదొర గుర్తొస్తాడు. అతనికి ఎవరు సాము నేర్పారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ పోరువిద్య అన్నది మాటతో నేర్పేది కాదు కదా. కర్ర ఎలా పట్టాలో గురువు పట్టి చూపిస్తాడు, శిష్యుడు చూసి పడతాడు. తప్పు చేస్తే మణికట్టు మీద దెబ్బ పడుతుంది, ఆ దెబ్బే పాఠం. ఎదుటివాడి భుజం కదలికను బట్టి కర్ర ఎటు వస్తుందో కనిపెట్టాలి. చెవులు లేని పిల్లవాడు పుట్టిన నాటి నుంచీ చేసేది అదే, మనుషుల్ని కళ్లతో వినడం. తక్కినవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకునే చూపు అతనికి ఉగ్గుపాలతోనే వచ్చిందని నేను నమ్ముతాను.

ఇంకొకటి కూడా. ఆ కోటలో దొరల ఇంటి భాష తెలుగు, ఊరి భాష తమిళం, పక్కన నిలబడి పోరాడిన మరవలది వాళ్ల యాస. కొలువులో శివసుబ్రహ్మణ్య పిళ్లై వంటి తమిళ మంత్రి. ఊమైదురైకి తెలుగూ రాదు, తమిళమూ రాదు. అతని సైగ మాత్రం అందరిదీ. గడ్డిపరకలను ఊడ్చిన చేతికి అనువాదం అక్కర్లేదు.

అన్న కట్టబొమ్మన్ 1760 జనవరిలో పుట్టాడని లెక్క. 1783 ఆగస్టులో కర్నల్ ఫుల్లర్టన్ పాంచాలంకురిచి మీద పడి కోట పట్టుకున్నాడు. అప్పటి దొర వీళ్ల తండ్రి. కోటలో నలభై వేల వరహాలు దొరికాయి. డచ్చివాళ్లతో చేసుకున్న ఒప్పందం కాగితం కూడా దొరికింది. అన్నకు అప్పటికి ఇరవైమూడేళ్లు. 1801లో వెల్ష్ కంటికి కుర్రాడిలా కనిపించిన తమ్ముడు ఆనాటికి బాగా పసివాడై ఉండాలి. కోట గోడ కూలినప్పటి ఫిరంగి మోత అతని చెవికి చేరి ఉండదు. నేల అదిరింది మాత్రం కాళ్లకు తెలిసి ఉంటుంది.

1790లో అన్న గద్దె ఎక్కాడు. 1792 ఒప్పందంతో ఆర్కాటు నవాబు పాలెగాళ్ల దగ్గర కప్పం వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వదిలేశాడు. 1798 మే నెలాఖరుకి పాంచాలంకురిచి బకాయి 3,310 వరహాలు. కలెక్టరు జాక్సన్ కోపిష్ఠి. రామనాథపురం వచ్చి కనపడమని కట్టబొమ్మన్‌కు తాకీదు పంపాడు. పంపి తాను ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. కట్టబొమ్మన్ తన మనుషులతో ఆయన వెంట కుర్తాళం వెళ్లాడు, దర్శనం లేదు. శ్రీవిల్లిపుత్తూరు వెళ్లాడు, లేదు. ఇరవైమూడు రోజులు, దాదాపు నాలుగు వందల మైళ్లు ఒక దొర ఒక కలెక్టరు వెనక తిరిగాడు. కావాలని చేసిన అవమానం అది. ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

చివరికి సెప్టెంబరు రెండోవారంలో రామనాథపురం రామలింగ విలాసంలో జాక్సన్ కనపడ్డాడు. దొరకు కూర్చోవడానికి ఆసనం ఇవ్వలేదు. మూడు గంటలు నిలబెట్టే మాట్లాడాడు. లెక్క చూస్తే బకాయి చాలావరకు చెల్లింది, మిగిలింది 1,080 వరహాలే. అయినా కోటలోనే ఉండమన్నాడు. ఉండమంటే ఖైదని కట్టబొమ్మన్‌కు అర్థమైంది. మంత్రి శివసుబ్రహ్మణ్య పిళ్లైతో బయటికి నడిచాడు. వాకిట్లో సిపాయిలు అడ్డం పడ్డారు.

ఊమైదురై మొదటిసారి చరిత్రకెక్కేది ఆ వాకిట్లోనే. బయట మనుషులతో కాచుకుని ఉన్న తమ్ముడు లోపలికి దూసుకొచ్చాడు. లోపలి కేకలు అతనికి వినపడవు. ద్వారం దగ్గర సిపాయిలు కదిలిన తీరు చూసి పోల్చుకుని ఉండాలి. ఇరుకు వాకిలి, ఈటె తిప్పడానికి చోటు లేదు, తుపాకి రెండోసారి నింపడానికి వ్యవధి లేదు. పట్టుకోవడం, తొయ్యడం, పొడవడం. ఆ పెనుగులాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చచ్చిపోయాడు. పిళ్లై దొరికిపోయాడు. అన్నను తమ్ముడు బయటికి తెచ్చాడు.

మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. కట్టబొమ్మన్ తప్పు లేదని ఆ సంఘమే తేల్చింది, పిళ్లైని వదిలిపెట్టారు, జాక్సన్‌ను పదవి నుంచి తీసేశారు. తరవాత వచ్చిన లషింగ్టన్‌తోనూ పొసగలేదు. 1799 మేలో టిప్పు పడిపోయాక కంపెనీకి చేతులు ఖాళీ అయ్యాయి. సెప్టెంబరు 5న మేజర్ బానర్‌మన్ కోట మీదికి వచ్చాడు. మొదటి దాడి విఫలమైంది, తెల్ల అధికారులు పడిపోయారు. ఫిరంగులు వస్తున్నాయని తెలిసి అన్నదమ్ములు కోట వదిలారు. కళాపూర్ అడవిలో పుదుక్కోట తొండైమాన్ మనుషులు కట్టబొమ్మన్‌ను పట్టి ఇచ్చారు. అక్టోబరు 16న కయత్తారులో, తక్కిన పాలెగాళ్లందరినీ పిలిచి చూస్తుండగా, చింతచెట్టుకు ఉరితీశారు. కోటను నేలమట్టం చేశారు. తమ్ముణ్ణి పాలయంకోట చెరలో వేశారు.

అతను చెరలో ఉన్న పదహారు నెలల్లో బయట దేశమంతా కదిలింది. విరూపాక్షి గోపాల నాయకుడు, అతనూ కంబళం తెలుగువాడే, దిండిగల్లు కొండల్లో పాలెగాళ్లను, కోయంబత్తూరు సీమవాళ్లను, మైసూరు వైపు తిరుగుబాటుదారులను ఒక మాట మీదికి తెచ్చాడు. 1800 జూన్ 3న, కంపెనీ ముస్లిం సిపాయిలు మొహరంలో ఉండే రోజు చూసుకుని, కోయంబత్తూరు కోట పట్టాలని పథకం వేశారు. పథకం బయటపడింది. నలభైరెండుమందిని ఉరితీశారు. తళి ఎత్తులప్ప నాయకుడు కయత్తారుకు బదులుగా ఒక తెల్లవాణ్ణి ఉరితీయించాడని తిరుమూర్తి కొండ కింద ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉడుమలైపేట నుంచి పాంచాలంకురిచి దాకా ఉన్న తెలుగు పాలయాలకు ఉరికొయ్యల భాష కూడా ఒకటే అయింది.

1801 ఫిబ్రవరి 2. సాయంత్రం పాలయంకోటలోని అధికారులు మేజర్ మెకాలే తోట ఇంట్లో విందుకు చేరారు. చెరలో అమ్మవారు పోసి, ఖైదీల బరువు సంకెళ్లు తీసేసి ఉంచారు. బయటి నుంచి వచ్చిన ఖైదీల మనుషులు కాపలావాళ్ల చేతుల్లో తుపాకులు లాక్కున్నారు. చీకటి పడింది. ఊమైదురై, తోటివాళ్లు ఆ రాత్రంతా ఆగకుండా నడిచి, పరిగెత్తి, ముప్ఫై మైళ్ల దూరం దాటి తెల్లవారేసరికి పాంచాలంకురిచి చేరారు. రోగంతో లేచినవాళ్లు, పదహారు నెలలు నడక మరిచినవాళ్లు.

అక్కడ కోట లేదు. మట్టిదిబ్బ ఉంది.

మెకాలే చుట్టుపక్కల ఉన్న బలగాన్ని పోగుచేసి, తొమ్మిది వందలమందితో వారానికల్లా ఫిబ్రవరి 9న అక్కడికి చేరాడు. పారిపోయిన ఖైదీలను పట్టుకుపోవడమే పని అనుకున్నాడు. ఎదురుగా గోడ లేచి ఉంది. ఐదు వందల అడుగుల పొడవు, మూడు వందల అడుగుల వెడల్పున, ఆ సీమ జిగట మట్టితో కట్టిన గోడ. చుట్టూ ముళ్లకంప. బురుజుల్లో పొడుగాటి ఈటెలు పట్టుకుని పదిహేను వందలమంది. సైన్యంలో ఉన్న వెల్ష్ కళ్లు నమ్మలేకపోయాడు. ఆ మట్టి తొక్కినవాళ్లలో, మోసినవాళ్లలో, పూసినవాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉండి ఉంటారు. వారం రోజుల్లో అంత గోడ సైనికులు మాత్రమే లేపగలిగేది కాదు.

లోపల ఆ సన్నటి కుర్రాడు గడ్డిపరకలు ఏరుకుంటున్నాడు.

(సశేషం)